పెద్ద హోటలు వంటశాలలో రెండవ అధికారి

మనము పండించిన వంకాయ, టమాటా, బెండకాయ పొలముగట్టు దాటి బండి యెక్కిన పిమ్మట ఎవరి చేతికి పోవుచున్నదో, ఎవరు దానిని మంచిదనియు చెడ్డదనియు తీర్పు చెప్పుచున్నారో మన రైతు సోదరులలో పెక్కుమందికి తెలియదు. మార్కెటులోని దళారి వరకు మనము ఎరుగుదుము. ఆపైన నడచు వ్యవహారము మన కంటికి కానరాదు. నగరములలోని పెద్ద హోటళ్లయందు ఈ తీర్పు చెప్పు ఉద్యోగి యొకడు కలడు. అతనిని "సూ షెఫ్" అని పిలుతురు. అతడు వంటవాడా యన్న వంటవాడే, గుమాస్తాయా యన్న గుమాస్తాయే, మేస్త్రియా యన్న మేస్త్రియే. ఇట్టి ఉద్యోగమును గూర్చి వ్యవసాయదారుల పత్రికలో వ్రాయనేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. మన సభ్యులలో పలువురు తమ పిల్లలను హోటలు విద్యాలయములలో చేర్పింపదగునా యని కొంతకాలముగా మమ్మడుగుచున్నారు. హోటళ్లకు నేరుగా కూరగాయలు పంపుటను గూర్చియు సంఘములో ప్రస్తావన వచ్చుచున్నది. ఈ రెండింటికిని సమాధానము ఆ వంటశాలలోనే కలదు గనుక మేము తెలిసికొన్నంతవరకు విషయమును ఇచ్చట వివరించుచున్నాము.

మొదట పేరు సంగతి. "షెఫ్" అనునది ఫ్రెంచి మాట. అధిపతి యని దాని భావము. "సూ" యనగా క్రింద అని యర్థము. కావున సూ షెఫ్ అనగా అధిపతి క్రిందివాడు. ఆసామి యుండును, కూలీలుందురు, నడుమ పెద్దపాలేరు లేనిచో సేద్యము సాగునా? ఆసామి పొరుగూరు పోయిననాడు ఏ మడికి నీరు పెట్టవలెనో, ఏ యెద్దు కుంటుచున్నదో, కలుపునకు ఎందరు రావలెనో పెద్దపాలేరునకు తెలిసియుండవలెను. సూ షెఫ్ స్థానము సరిగా అట్టిది. పెద్ద షెఫ్ ఏ ఋతువునకు ఏ వంటకములు ఉండవలెనో నిర్ణయించును, యజమానులతో లెక్కలు మాటలాడును, గొప్ప అతిథులను పలుకరించును. పొయ్యి ముందట నిలిచి, ఆ నిర్ణయము పళ్లెములోనికి వచ్చునట్లు చూచువాడు మాత్రము సూ షెఫ్.

ఈ యేర్పాటునకు నేటి రూపమిచ్చినవాడు ఓగుస్త్ ఎస్కోఫియే యను ఫ్రెంచి దేశస్థుడు. ఇతడు 1846లో నీస్ పట్టణమునకు సమీపమందలి విల్నవ్ లూబే యను పల్లెలో ఒక కమ్మరి యింట జన్మించెను. పదుమూడవ యేట పినతండ్రి నడుపుచున్న భోజనశాలలో పనికి కుదిరెను. 1870లో ఫ్రాన్సునకును జర్మను రాజ్యములకును యుద్ధము జరిగినప్పుడు సైన్యమునకు వండిపెట్టెను. వంటశాలలో సైనికుల క్రమశిక్షణము నెలకొల్పవలెనను తలంపు అతనికి అచ్చటనే కలిగియుండును. వంటవారి జట్టును నేటికిని "బ్రిగేడు" అనియే పిలుచుచున్నారు గదా! 1889లో లండనునందు సవాయ్ అను హోటలు తెరచిరి. దీపములన్నియు విద్యుత్తుతో వెలుగుట ఆనాడు గొప్ప వింత. మరుసటి యేడు సెజార్ రిట్జ్ దానికి మేనేజరుగను, ఎస్కోఫియే వంటశాలకు అధిపతిగను ప్రవేశించిరి.

అంతకు పూర్వము పెద్ద వంటశాలలలో ఒక్కొక్క భాగమువారు తమ వంటకమును మొదటినుండి తుదివరకు తామే చేసికొనెడివారు. ఇందువలన కాలము వ్యర్థమగుచుండెను. ఎస్కోఫియే దీనిని మార్చిన విధమునకు ఒక కోడిగ్రుడ్ల వంటకమును ఉదాహరణముగా చెప్పుదురు. పెనముమీద కాల్చిన గ్రుడ్లు, దానికి తోడు గొఱ్ఱె మూత్రపిండము ముక్క, పైన ఒక విధమగు పుట్టగొడుగుల పులుసు, ఇది ఆ వంటకము. ఒక్కడే వండినచో పావుగంట పట్టును. ఎస్కోఫియే ఏర్పాటులో గ్రుడ్లు ఒకడు కాల్చును, మాంసము మరియొకడు నిప్పులమీద వేయును, పులుసు మూడవవాడు సిద్ధపరచును. మూడును ఒకే క్షణమున ఒకే పళ్లెములో కలిసికొనును. కొద్ది నిమిషములలో వంటకము బల్లమీదికి పోవును. నారు పీకువారు, మోయువారు, నాటువారు వేరువేరుగానుండి వరుస తప్పక సాగిననాడు ఎకరము ఎంత త్వరగా నాటు పడునో మనకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. కాని నారు పీకువారు వెనుకబడినచో నాటువారు గట్టుమీద కూర్చుండవలసినదే. అట్లే మూడు పొయ్యిలవద్ద మువ్వురు పనిచేయునప్పుడు వారి చేతులు ఒక్కసారిగా ముగియునట్లు చూచువాడొకడు కావలెను. సూ షెఫ్ ఉద్యోగమునకు బలము వచ్చినది ఇందువలననే.

ఎస్కోఫియే మరికొన్ని మంచి పనులు చేసెను. ఆ కాలపు వంటశాలలు నేలమాళిగలలో, బొగ్గుపొయ్యిల సెగలో ఉండెడివి. వేడికి తాళలేక వంటవారు పగలంతయు సారాయి త్రాగి, ఒకరినొకరు తిట్టుకొనుట మామూలు. అతడు త్రాగుడును, బూతుమాటను నిషేధించి, ఒక వైద్యుని సలహాపై బార్లీ గింజలతో కాచిన జావ వంటశాలలో ఎల్లప్పుడు ఉండునట్లు చేసెను. మన కోతకూలీలకు మజ్జిగ కుండ ఎట్టిదో వారికి ఆ జావ అట్టిది. వంటకముల పేర్లు కేకవేసి చెప్పువానిని అంతవరకు "మొరుగువాడు" అని పిలుచుచుండగా, ఆ పేరు తీసివేసి "ప్రకటించువాడు" అని మార్చెను. చిన్న సంగతివలె కనబడును గాని, పనివానిని కుక్కతో పోల్చి పిలుచుచోట మంచి పని జరుగునని మేము నమ్మజాలము.

రైతులకు సంబంధించిన ముచ్చట యొకటి ఇతని చరిత్రలో కలదు. ఆస్పరాగస్ అను కూరమొక్క పిలకలను ఫ్రాన్సులో మట్టి క్రింద కప్పి తెల్లగా పెంచుదురు. ఆంగ్లేయులకు తెలుపు నచ్చదు, సన్నని ఆకుపచ్చ పిలకలే కావలెను. ఎస్కోఫియే ఫ్రాన్సు దక్షిణభాగమందలి లోరీస్ గ్రామపు సాగుదార్లను కలిసికొని, లండను గిరాకీ యెట్టిదో తెలిపి, పచ్చని పిలకలను పండించుటకు వారిని ఒప్పించెను. గ్రామమున క్రొత్త పంట, క్రొత్త బేరము ఏర్పడినవి. అట్లే టమాటాను చిదిపి డబ్బాలలో నిలువచేయవలెనని ఫ్యాక్టరీలవారి వెంట ఏండ్ల తరబడి తిరిగి తుదకు సాధించెను. వంటశాల యధికారికి పొలముతో మాటలాడవలెనను బుద్ధి పుట్టినచో రైతునకు ఎట్టి మేలు కలుగునో దీనివలన తెలియుచున్నది.

అయితే అదే చరిత్రలో చేదు భాగమును దాచుట న్యాయము కాదు. 1898లో సవాయ్ యజమానులు రిట్జ్‌ను, ఎస్కోఫియేను పనినుండి తొలగించిరి. లెక్కలు పరిశీలింపగా, సరకు సరఫరా చేయు వర్తకులవద్ద ఎస్కోఫియే కమీషన్లు, కానుకలు పుచ్చుకొనినట్లు బయటపడెను. వర్తకులు మాత్రము ఊరక ఇత్తురా? తక్కువ సరకు పంపి పూర్తి సరకునకు బిల్లు వ్రాసి ఆ సొమ్ము రాబట్టుకొనుచుండిరి. 1900లో ఎస్కోఫియే ఈ సంగతిని వ్రాతమూలకముగా ఒప్పుకొనెను. ఆ కాగితములు బహుకాలము మరుగున నుండి తరువాత లోకమునకు తెలియవచ్చినవి. ఇంత గొప్ప నేర్పరి ఇట్టి పని చేసెనే యని విచారము కలుగును. ఐనను మన దృష్టిలో ముఖ్యమైనది వేరు. సరకు పుచ్చుకొను గుమ్మమువద్ద కమీషను పుట్టినచో దాని భారము ఎవరో ఒకరు మోయవలసినదే. వర్తకుడు మోయడు. తూకములో హోటలు నష్టపడును, లేదా ధరలో పండించినవాడు నష్టపడును.

ఈ కారణమువలననే నేటి పెద్ద హోటళ్లు ఆ గుమ్మమువద్ద పనిని నాలుగు చేతులకు పంచియున్నవి. ధర మాటలాడువారు కొనుగోలు శాఖవారు. తూచి లెక్క వ్రాయువారు సరకు స్వీకరించు శాఖవారు. సొమ్ము చెల్లించువారు ఖాతాల శాఖవారు. వంటశాల తరఫున వచ్చి నాణ్యమును మాత్రము చెప్పువాడు సూ షెఫ్, లేక అతడు నియమించిన మనిషి. కావున ధర పెంచుమని సూ షెఫ్‌ను బ్రతిమాలుట వృథా. అతనికి ఆ యధికారము లేదు. అతడు "వలదు" అన్న బుట్టను మాత్రము కొనుగోలు శాఖవారు గూడ నిలుపజాలరు.

ఈ గుమ్మమువద్ద జరుగు తంతును మేము హైదరాబాదునందలి యొక పెద్ద హోటలులో స్వయముగా చూచితిమి. ఉదయము ఆరున్నర గంటలకు బండ్లు వచ్చుచుండెను. చేపల పెట్టెలలోని మంచు కరిగినదా లేదా యని మొదట చూచిరి. పాలు, మాంసము, చేపలు ఎంత చలిగా వచ్చినవో సన్నని యుష్ణమాపకముతో పరీక్షించిరి. 5 డిగ్రీల సెంటిగ్రేడునకు మించరాదని నియమము. పిమ్మట కూరగాయలు. అచ్చటి సూ షెఫ్ ముప్పదియైదేండ్ల యువకుడు, రైతు కుటుంబమునుండి వచ్చినవాడే. అతడు బుట్ట పైవరుసను చూడడు. చేయి అడుగువరకు పోనిచ్చి క్రిందినుండి నాలుగు కాయలు పైకి తీయును. మనవారు పైవరుసలో నునుపైన కాయలు పేర్చు అలవాటును అతడు ఇంటివద్దనే నేర్చియుండును గాబోలు!

మాతో వచ్చిన వృద్ధ సభ్యుడొకడు, వెనుకకు త్రోసిన బంగాళాదుంపల బుట్టను చూపి, "నాయనా, ఈ దుంపకేమి లోపము? మా యింట దీనినే వండుకొందుము గదా" అని అడిగెను.

"తాతగారూ, దుంపకు లోపము లేదు. మీ యింట నలుగురు తినువారు. ఒక ముక్క మెత్తగా, ఒక ముక్క గట్టిగా ఉన్నను సర్దుకొందురు. నేను రెండువందల పళ్లెములు పంపవలెను. నిమ్మకాయంత దుంపయు, కొబ్బరికాయంత దుంపయు ఒక్క గిన్నెలో వేసిన చిన్నది చితికిపోవును, పెద్దది ఉడకదు. ఒకే సైజు ఏరి పంపుడు, చిన్నవైనను నాకు పని కలదు" అని అతడు బదులు చెప్పెను.

ఈ మాట మనవారు గమనింపదగినది. హోటలువారు అందము కొరకే సమానమైన కాయలు కోరుదురని మనము తలంచుచున్నాము. అందము కొంత నిజమే గాని, అసలు కారణము నిప్పు. ఒకే పొయ్యిమీద ఒకే కాలములో ఉడకవలెనన్న ముక్కలు సమానముగా నుండవలెను. బంగాళాదుంప విషయమున మరియొక చిక్కు కలదు. ఎక్కువ చలిగల గిడ్డంగిలో, సుమారు 8 డిగ్రీలకు తక్కువలో, చాలదినములు నిలువయున్న దుంపలోని పిండి కొంత చక్కెరగా మారును. అట్టిదానిని నూనెలో వేయగనే నల్లబడి చేదెక్కును. బయటికి దుంప నిగనిగలాడుచునే యుండును. అందుచే ఆ సూ షెఫ్ ప్రతి క్రొత్త బస్తానుండి రెండు దుంపలు కోసి వేయించి చూచిన పిమ్మటనే సంతకము చేయుచుండెను. బియ్యమును గూర్చియు ఇట్లే. పాత బియ్యము పలుకు విడివిడిగా నిలుచునని మన యాడువారికి తెలియును, అతనికిని తెలియును. బస్తామీది యేడు చూచుటతో ఊరకుండక గుప్పెడు ఉడికించి చూచును.

ఇక తరుగు లెక్క. గోబీపువ్వు 10 కిలోలు వచ్చినదనుకొందము. ఆకులు, కాడ తీసివేయగా 6 కిలోలు మిగిలినచో, కిలో 30 రూపాయలకు కొన్న సరకు నిజముగా కిలో 50 రూపాయలు పడినట్లు. కాడను కురచగా కోసి, పై ఆకులు తీసి పంపిన మరియొక రైతు కిలోకు 36 రూపాయలు అడిగినను, 10 కిలోలకు 8 కిలోలు దక్కినచో హోటలువారికి అది 45 రూపాయలకే వచ్చును. ధర హెచ్చుగా చెప్పినవాని సరకే చౌక! ఈ లెక్కను సూ షెఫ్ ప్రతి వారము వ్రాసి పెద్ద షెఫ్‌నకు చూపవలెను. మన సంఘమువారు హోటళ్లతో బేరమునకు పోవునప్పుడు ఈ లెక్కను చేతబట్టుకొని పోవుట మంచిది. ఆకులు, కాడలు మన పశువులకు పనికివచ్చును. వాటిని నగరమునకు మోసి కిరాయి కట్టుటయేల?

ఎనిమిది గంటలకు వంటశాలలో పని ఊపందుకొనును. "మీజాన్ ప్లాస్" అను మాట అచ్చట ప్రతివాని నోటను వినబడును. ప్రతి వస్తువును దాని చోట సిద్ధముగా నుంచుట యని భావము. ఉల్లిపాయ తరిగియుండవలెను, అల్లము నూరియుండవలెను, పులుసులు కాగియుండవలెను, గరిటె మొదలు చేతిగుడ్డవరకు చేయి చాచిన దూరములో నుండవలెను. మధ్యాహ్నము పన్నెండున్నర తరువాత వెదకుకొనుటకు వ్యవధి లేదు. పచ్చని పలకమీద కూరగాయలు, ఎఱ్ఱని పలకమీద పచ్చి మాంసము, నీలి పలకమీద చేపలు తరుగవలెను. పలక మార్చినచో ఎంత పెద్ద పనివానికైనను మాట తప్పదు. ముందు వచ్చిన సరకు ముందు వాడవలెను గనుక ప్రతి డబ్బామీద తేదీ చీటి యుండును. చీటి లేని డబ్బా కనబడినచో లోపలి వస్తువెంత మంచిదైనను పారవేయుదురు. ఇది మాకు మొదట అన్యాయముగా తోచినది. కాని అన్నము సంగతి విన్న పిమ్మట సమాధానపడితిమి. వార్చిన అన్నమును గది వేడిలో చాలసేపు ఉంచినచో అందులో ఒకజాతి సూక్ష్మజీవులు పెరిగి విషమును పుట్టించును. మరల వేడిచేసినను ఆ విషము పోదు. అందువలన వేడి పదార్థము 60 డిగ్రీలకు పైన, చల్లని పదార్థము 5 డిగ్రీలకు లోపల ఉండవలెనని నియమము. ఈ నడిమి వేడిలో నిలిచిన కాలమునకు సూ షెఫ్ జవాబుదారి. ఇంటిలో తప్పు జరిగిన నలుగురికి వాంతులు, పెండ్లి విందులో జరిగిన నాలుగువందల మందికి.

వడ్డన వేళ వంటశాల చూడదగినది. కౌంటరువద్ద సూ షెఫ్ నిలుచును. చీటీలు వచ్చుచుండును. అతడు ఒక్కొక్క చీటిని చదివి పైకి చెప్పును, ఆయా పొయ్యిలవారు "షెఫ్" అని బదులు పలుకుదురు. తందూరి రొట్టె రెండు నిమిషములలో అగును, చేప పది నిమిషములు పట్టును, మాంసము ఇంకను ఎక్కువ. నలుగురు కూర్చున్న బల్లకు నాలుగును కలిసి పోవలెనన్నచో ఎవడు ఎప్పుడు మొదలుపెట్టవలెనో అతడే చెప్పవలెను. హైదరాబాదునందలి ఫలక్‌నుమా సౌధములో 2010 నుండి హోటలు నడచుచున్నది. అచ్చటి ప్రసిద్ధమైన భోజనపు బల్లచుట్టును 101 మంది కూర్చుండవచ్చును. అట్టి బల్లకు మొదటి పళ్లెమునకు, చివరి పళ్లెమునకు నడుమ వేడి తగ్గకుండ వడ్డించుట యనగా ఏమో చదువరులే యూహింపగలరు. ప్రతి పళ్లెము అంచును గుడ్డతో తుడిచి, రుచి చూచి, పోనిచ్చును. రుచి చూచుటకు ప్రతిసారి క్రొత్త చెంచా. ఒక్క పూటలో నూరు చెంచాలు మైలపడుట వింత గాదు.

మన దేశపు హోటళ్లలో సూ షెఫ్‌నకు మరియొక కష్టము కలదు. ఆ కష్టము పాశ్చాత్యుల గ్రంథములలో కానరాదు. బిరియానీ, కబాబు, మిఠాయి వండువారు తరతరములుగా ఆ విద్యనెరిగిన కుటుంబములవారు. దినుసుల పాళ్లు కాగితముమీద వ్రాయుట వారికి సమ్మతము కాదు. చేతి కొలతయే కొలత. సూ షెఫ్ పాఠశాలలో చదివి వచ్చినవాడు. పాళ్లు వ్రాసి యుంచనిదే ఖర్చు లెక్క తేలదు, ఆ వంటవాడు సెలవు పెట్టిననాడు వంటకమును నిలుపవలసి వచ్చును. తండ్రివయస్సు గల వంటవానిని అధికారముతో అడిగిన చెప్పడు. మేము చూచిన యువకుడు ఆ పెద్దాయనను "ఉస్తాద్" అని పిలిచి, తెల్లవారుజామున తానే వచ్చి, ఆయన చేయి గిన్నెలోనికి పోకముందు పళ్లెములో పడిన మసాలాను త్రాసుమీద తూచుకొని, ఆరు నెలలలో పాళ్లన్నియు వ్రాసికొన్నాడట. వినయముచేత సాధించిన ఈ పుస్తకము ఆ హోటలునకు ఎంత విలువైనదో చెప్పనలవి గాదు.

పిల్లలను ఈ పనికి పంపదలచినవారికి కొన్ని మాటలు. హైదరాబాదులో 1972లో స్థాపింపబడిన హోటలు విద్యాలయము కలదు. తిరుపతిలోను ఒకటి కలదు. ఇంటరు ముగించినవారు దేశమంతటికి జరుగు ప్రవేశ పరీక్ష వ్రాసి మూడేండ్ల డిగ్రీలో చేరవచ్చును. కేవలము వంట నేర్పు చిన్న చదువులును కలవు. అయితే పట్టా చేతికి రాగానే సూ షెఫ్ కారు. మొదట "కమీ" యను పేరుతో ఉల్లిపాయలు ఒలుచుట, చేపల పొలుసు తీయుట, పొయ్యిలు తోముట. ఆ పిదప ఒక పొయ్యికి సహాయుడు, ఆ పిదప ఆ పొయ్యికి అధికారి. ఒక్కొక్క మెట్టుమీద రెండు మూడేండ్లు గడచును. సామాన్యముగా ఎనిమిది, పదేండ్లకు గాని సూ షెఫ్ పదవి రాదు. విదేశములలోను, ఓడలమీదను పనిచేసి వచ్చినవారు కొందరు త్వరగా పైకి పోవుచున్నారు. మొదటి యేండ్ల జీతము తలిదండ్రులు అనుకొన్నంత యుండదు. ఈ సంగతి చేరకముందే తెలిసికొనుట మంచిది. లేనియెడల అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రియు, ఉల్లిపాయలు ఒలుచుచున్న కుమారుడును ఒకరినొకరు నిందించుకొందురు.

పని గంటలను గూర్చి స్పష్టముగా వ్రాయవలెను. కాగితముమీద ఎనిమిది, తొమ్మిది గంటలు. సూ షెఫ్‌నకు పదకొండు, పన్నెండు గంటలు నడచుట సర్వసామాన్యము. కొన్నిచోట్ల ఉదయము కొంత, రాత్రి కొంత విరిచి చేయింతురు. నడుమ మూడు గంటలు ఇంటికి పోవుటకు చాలవు, ఊరక కూర్చుండుటకు ఎక్కువ. సంక్రాంతికి, దసరాకు, కొత్త సంవత్సరమునకు అందరును విందులకు వచ్చుదురు గనుక ఆ దినములలో సెలవు లేదు. మేము చూచిన యువకుని చేతులమీద కాలిన మచ్చలు మోచేతివరకు ఉండెను. నిలుచుండి పనిచేయుటచేత కాళ్ల నరములు ఉబ్బుట ఈ వృత్తివారికి మామూలు జబ్బు. "పండుగకు ఊరికి పోయి ఎన్నాళ్లయినది?" అని అడుగగా అతడు వ్రేళ్లమీద లెక్కించి, "అయిదేండ్లు" అని చెప్పెను. ఇంటివద్ద తల్లి పండుగనాటి అరిసెలు డబ్బాలో పోసి బస్సులో పంపునట. నగరములోని గొప్పవారికి తీపి వంటకములు వండించువాడు ఆ డబ్బా మూత తీయునప్పుడు ముఖము ఎట్లుండునో మేము అడుగలేదు.

ఇట్లని ఈ వృత్తిని నిరుత్సాహపరచుట మా యుద్దేశము కాదు. ఎండలో, వానలో వంగి పనిచేయుటకు అలవాటుపడిన ఇంటి పిల్లలకు ఆ సెగ, ఆ గంటలు ఇతరులకంటె తక్కువ కష్టముగా తోచును. పంటను చూడగనే ఎరిగిన కన్ను వారికి పుట్టుకతో వచ్చినది. ఆడపిల్లలును ఇప్పుడు ఈ పదవికి వచ్చుచున్నారు. రాత్రివేళ ఇంటికి చేర్చు బండి హోటలువారు ఏర్పాటు చేయుదురా లేదా యని చేరకముందే విచారించుట అవసరము.

హోటళ్లకు సరకు పంపదలచినవారు మరియొక్కటి తెలిసికొనవలెను. మార్కెటులో దళారి ఆ దినమే సొమ్మిచ్చును. హోటలువారు నెలకు, నెలన్నరకు గాని ఈయరు. మంచి ధర చూచి సంతోషించి, నలువది దినములు చేతిలో పైకము లేక మరల వడ్డీకి పోయినచో లాభమేమున్నది? ఈ నడిమి కాలమునకు సంఘము పెట్టుబడి పెట్టగలిగిననాడే ఈ బేరము మన చిన్న రైతులకు పనికివచ్చును. ఇది సభ్యులు సర్వసభ్య సమావేశమున చర్చింపదగిన విషయము.

రాత్రి పదిన్నరకు చివరి పళ్లెము పోయిన పిమ్మట, పొయ్యిలు ఆర్పి నేల కడుగుచుండగా, సూ షెఫ్ మంచుగదిలోనికి పోయి ఏది యెంత మిగిలినదో చూచి మరునాటి చీటి వ్రాయును. మేము చూచిననాటి చీటిలో టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, గోబీపువ్వు వరుసగా వ్రాసి, వాటి యెదుట కిలోలు వేసి, టమాటా ప్రక్కన "సగము గట్టివి, సగము పండినవి, కలుపరాదు" అని వ్రాసియుండెను. ఆ చీటి పదకొండు గంటలకు ఫోనులో బోయినపల్లి వర్తకునికి చేరినది. అతడు తెల్లవారుజామున నాలుగు గంటలకు మార్కెటులో సరకు ఏరుకొనును. మన సరకు ఆ వేళకు అచ్చట ఉండవలెనన్నచో ముందునాటి సాయంకాలము ఎండ తగ్గిన తరువాత కోసి, నీడను పరచి, సైజులవారీగా వేరుచేసి, గట్టి టమాటా ఒక పెట్టెలోను, పండినది మరియొక పెట్టెలోను సర్ది, రాత్రి పది గంటల లోపల బండి కదల్చవలెను.